కుడిపక్క మాటలు

విగ్గుల షాపు తలుపు తోసుకుని ఆపరేటరమ్మ లోపలికి అడుగుపెట్టేసరికి పదకొండూ నలభై. మధ్యాహ్నం మూడింటికి కుటుంబ కోర్టులో కేసు పిలుస్తారు. చేతిలో ఉన్నది మూడు గంటల ఇరవై నిమిషాలు. సంచిలో అయిదు ఫొటోల ప్రింట్లున్నాయి. కోపం మాత్రం ఏ సంచిలోనూ పట్టేది కాదు.

కౌంటరు వెనక ఉన్న యజమాని ఆమె నెత్తి వైపు ఒక చూపు చూసి అలవాటుగా నవ్వాడు. "రండమ్మా, కూర్చోండి. మీకేనా, ఇంట్లో ఇంకెవరికైనానా?"

"నా జుట్టు పలచనే గానీ నాదే, నాయనా. ఆదివారం పొద్దున పదకొండూ ఇరవైకి నీ షాపు పేజీలో అయిదు ఫొటోలు పెట్టావే, వాటి కోసం వచ్చాను."

నవ్వు ఆగిపోయింది. "మీరెవరు, ప్రెస్సా?"

"డిటెక్టివ్‌ని. లెక్కల టీచరు పంపింది."

లెక్కల టీచరంటే ఈ షాపులో విగ్గు చేయించుకున్న మనిషి. భర్త నుంచి విడిపోయి రెండేళ్లయింది. తొమ్మిదేళ్ల కూతురు ఆమె దగ్గరే ఉంటుంది. శనివారం పొద్దున తొమ్మిదికి తండ్రి వచ్చి తీసుకువెళ్లి, ఆదివారం సాయంత్రం దింపిపోతాడు. నాలుగు నెలల కిందట టీచరుకు జబ్బు బయటపడింది. నయమయ్యే జబ్బే, కానీ మందులకు జుట్టంతా రాలిపోయింది. ఆ సంగతి కూతురికి కూడా తెలియనివ్వకుండా ఇక్కడ విగ్గు చేయించుకుంది. మూడు వారాలు తిరక్కుండా విగ్గు చిక్కులు కట్టి పీచులా తయారైంది. షాపువాడు ఇవాళా రేపూ అని తిప్పించుకునేసరికి, తన పేరు లేకుండా వాళ్ల పేజీలో నాలుగు ముక్కలు ఫిర్యాదు రాసి, ఒక్క స్టారు ఇచ్చి ఊరుకుంది. దానికి జవాబుగా ఇతను, ఆమె తనకు ఫోన్లో పంపిన మెసేజీలను ఫొటోలు తీసి, పేరు మీద నల్లగీత గీసి లోకానికంతటికీ చూపించాడు. సోమవారం పదింటికల్లా అవే ఫొటోలు భర్త లాయరు కోర్టులో పెట్టాడు. తల్లికి పెద్ద జబ్బుంది, దాచిపెట్టింది, కాబట్టి పిల్లను తండ్రికి అప్పగించాలి అని.

పేరు చెరిపేసిన ఫొటోల్లో ఉన్నది తన భార్యేనని ఆ భర్తకు ఒక్కరోజులో ఎలా తెలిసింది? అది కనుక్కోమని టీచరు ఆపరేటరమ్మను పెట్టుకుంది.

టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఇరవై ఎనిమిదేళ్లు లైన్లు కలిపిన మనిషి కాబట్టి ఊళ్లో అందరికీ ఆమె ఆపరేటరమ్మ. సంబంధాలు కుదరడమూ, చెడడమూ, ఊరు వదిలినవాళ్లు ఇక తిరిగిరామని చెప్పడమూ అన్నీ ఆ చెవుల మీదుగానే వెళ్లాయి. ఒక్క మాట బయటికి పొక్కలేదు. అందుకే ఈ అయిదు ఫొటోలు చూసిన దగ్గర్నుంచి ఆమెకు అన్నం సయించడం లేదు.

"పేరు చెరిపేశాను కదమ్మా," అన్నాడు యజమాని. "ఇంకేం చేయమంటారు? పద్నాలుగేళ్ల షాపు నాది. రోగుల్ని మోసం చేస్తున్నారని రాసిందావిడ. రెండు రోజుల్లో ముగ్గురు ఆర్డర్లు వద్దన్నారు. నేను నోరు కుట్టుకుని కూర్చోవాలా? నలుగురిలో మాట్లాడే హక్కు ఆవిడకే ఉందా, నాకు లేదా?"

"ఎందుకు లేదు? విగ్గు గురించి మాట్లాడు. బాగా చేశానని చెప్పు, తిరిగి తెమ్మన్నానని చెప్పు. నెత్తిన వెంట్రుక లేదని, అద్దం చూసుకోలేకపోతున్నానని ఆవిడ నీకొక్కడికే చెప్పుకుంది. అది ఎందుకు చూపించావు?"

"అది చూపిస్తేనే కదా నేనెంత మర్యాదగా జవాబిచ్చానో జనానికి తెలిసేది."

"నీ మర్యాద కనబడటానికి ఆవిడ ముసుగు లాగావన్నమాట."

"మొదలుపెట్టింది ఆవిడే."

"ఆవిడ నీ పని గురించి రాసింది. నువ్వు ఆవిడ బతుకు తీసి ఆరేశావు. రెండూ ఒకటేనా?"

"రెండు వందల మంది నన్ను సపోర్టు చేశారు. కావాలంటే చూసుకోండి."

"చూశాను. 'గుండుకి ఇంత పొగరా' అని రాశాడొకడు. దానికింద నువ్వు దండం బొమ్మ పెట్టావు." ఆపరేటరమ్మ కౌంటరుకున్న చెక్కను తనే పైకెత్తింది. "పని చేసే గది చూడాలి."

"లోపలికి కస్టమర్లను రానివ్వం."

"నేను కస్టమర్ని కాదని ఇప్పుడే చెప్పాను."

వెనక గది పొడుగ్గా, ఇరుకుగా ఉంది. గోడకు అరలు. అరల నిండా మనుషుల తలల కొలతతో పోసిన సుద్ద అచ్చులు, ఒక్కోదాని నుదుటి మీద ఒక్కో అంకె. కిటికీ దగ్గర విగ్గులు అల్లే పెద్దావిడ ఒకామె ముక్కాలిపీట మీద కూర్చుని, అచ్చుకు తొడిగిన సన్నటి జాలీ టోపీలోకి కొక్కెం సూదితో వెంట్రుకలు ఒక్కొక్కటే లాగి ముడివేస్తోంది. షాపులో అందరూ ఆమెను ముడులమ్మ అంటారు. ఆమె పక్కన నలభై ఆరో నంబరు అచ్చు మీద చిక్కులు కట్టిన విగ్గు ఒకటి ఉంది.

"ఇది టీచరుదేనా?" అంది ఆపరేటరమ్మ.

"అదే. బాగుచెయ్యమని ఇచ్చి పదిహేను రోజులైంది, పాపం." ముడులమ్మ సూది ఆపలేదు. "బాగుపడేది కాదు. ఆ వెంట్రుకల కట్ట వచ్చినప్పుడే చెప్పాను. కుదురు పైకి, కొస కిందికి ఉండాలి. ఇందులో సగం తలకిందులు. అవి ఒకదాన్నొకటి పట్టుకుని పీక్కుంటాయి. చెప్తే వినలేదు."

"నీ పని నువ్వు చూసుకోవమ్మా," అన్నాడు యజమాని.

"నా పని గురించే చెప్తున్నా."

అయితే ఫిర్యాదులో అబద్ధం లేదు. టైము పన్నెండూ పది. ఆపరేటరమ్మ ప్రింట్లు తీసి బల్ల మీద వరసగా పరిచింది. మూడు రోజులుగా వాటిని చూస్తూనే ఉంది. చూసిన ప్రతిసారీ మాటలే చదివింది. ఇప్పుడు మాటలు చదవకుండా, అచ్చుల మీద అంకెలు చూసినట్టు, ఏది ఎక్కడుందో మాత్రం చూసింది.

అయిదో ఫొటోలో టీచరు మాటలు ఇవి: "జుట్టంతా పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పాపకు తెలిస్తే వాళ్ల నాన్నకు తెలుస్తుంది. పాప నా దగ్గర లేకపోతే నాకీ మందులెందుకు?" దానికి జవాబు: "ధైర్యంగా ఉండండి మేడమ్. మంగళవారం పదింటికి రండి." భర్త లాయరు కోర్టులో గొంతెత్తి చదివింది దీన్నే. షాపువాడి మంచితనం అని రెండు వందల మంది మెచ్చుకున్నదీ దీన్నే.

"నాయనా, నీ షాపుకి సెలవు ఏ రోజు?"

"మంగళవారం. తలుపు మీదే రాసుంది."

"మరి మూసిన షాపుకి మంగళవారం పదింటికి ఎందుకు రమ్మన్నావు?"

ముడులమ్మ సూది మొదటిసారి ఆగింది.

"పోనీ, నీ ఫోను తియ్యి. నా నంబరుకి ఏదో ఒకటి పంపించు. పంపావా? నువ్వు పంపింది నీ ఫోన్లో ఏ పక్కన పడింది?"

"కుడిపక్క."

"ఇదిగో, నేను తిరిగి పంపాను. ఇది?"

"ఎడమపక్క."

"ఎవరి ఫోన్లో వాళ్ల మాటలు కుడిపక్కన, అవతలివాళ్లవి ఎడమపక్కన. మొదటి నాలుగు ఫొటోల్లో టీచరు మాటలు ఎడమపక్కన ఉన్నాయి. అవి నీ ఫోన్లో తీసినవే. అయిదోదాంట్లో కుడిపక్కన ఉన్నాయి. ఇది టీచరు ఫోన్లో తీసింది. ఆవిడ మాట్లాడుతున్నది నీతో కూడా కాదు, మంగళవారాల్లో ఆవిడకు మందెక్కించే ఆస్పత్రి నర్సుతో. నీకు రాని మాటని నీకు వచ్చిందని చెప్పి లోకం ముందు పెట్టావు. పైగా ఆ నర్సు ధైర్యం చెబితే ఆ పుణ్యం కూడా నీ ఖాతాలో వేసుకున్నావు. ఎవరిచ్చారు నీకిది?"

"నాకు పంపించారు... మంచి కోరేవాళ్లు."

"పేరు?"

"చెప్పకూడదని మాటిచ్చానమ్మా. ఒకళ్లు నమ్మి చెప్పింది బయటపెట్టడం మర్యాద కాదు."

ఆ మాట వినగానే ఆపరేటరమ్మకు చెవులు గుయ్యిమన్నాయి. చేతికి దగ్గరగా ఉన్న సుద్ద తలకాయ వైపు చూసి, తన మీద తనకు నమ్మకం లేక చెయ్యి వెనక్కి తీసుకుంది.

ముడులమ్మ గొంతు సవరించుకుంది. "శనివారం సాయంత్రం అయిదున్నరకి వచ్చాడొకాయన. ఇద్దరూ ఈ గదిలోనే కూర్చున్నారు. పేరు నాకు తెలీదు గానీ, ఆయన పోయాక గంటసేపు కిటికీలు తెరిచి పెట్టాల్సొచ్చింది. సెంటుతో స్నానం చేసొచ్చినట్టున్నాడు."

ఆపరేటరమ్మ ప్రింట్లు సంచిలో వేసుకుంది. ఆ వాసన ఆమెకు తెలుసు. నాలుగేళ్లు తన ఆఫీసులో, తన ఎదురు కుర్చీలో ఉన్న వాసన.

*

కోర్టు వరండాలో, టైపు కొట్టేవాళ్ల బల్లల చివర, అతను ముందే ఉన్నాడు. ఒకటీ నలభై. అతన్ని అందరూ సెంటుసీసా అంటారు. ఒకప్పుడు ఆపరేటరమ్మ దగ్గర పని నేర్చుకుని, ఒకరోజు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయి, వీధి చివరే సొంత బోర్డు పెట్టుకున్నాడు. ఇప్పుడు టీచరు భర్త తరఫున పని చేస్తున్నాడు.

"రా అక్కా. ఇంకా నడవగలుగుతున్నావే," అన్నాడు బెంచీ మీద చోటు చూపిస్తూ.

ఆమె కూర్చోలేదు. "అయిదో ఫొటో నువ్విచ్చావు."

"ఎడమా కుడీ చూసేశావన్నమాట." అతను మెచ్చుకున్నట్టు తలూపాడు. "లాయర్లు ముగ్గురు చూశారు. ఒక్కడికీ తట్టలేదు. నువ్వు నేర్పిన పనే అక్కా."

"దొంగతనం నేను నేర్పలేదు."

"దొంగతనం ఎక్కడుంది? శనివారం పొద్దున ఆ ఫొటో మా క్లయింటు ఫోనుకొచ్చింది. నేరుగా కోర్టులో పెడితే ఎక్కడిదని అడుగుతారు. అదే షాపువాడు తన పేజీలో పెట్టాక, ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా తెచ్చుకోవచ్చు. వాడికి ఆవిడ మీద కసి ఉంది. నాకు అవసరముంది. టీచరమ్మ ఇంట్లో విగ్గు పెట్టె మీద షాపు పేరుంది. అంతే కథ."

"'వచ్చింది' అంటున్నావు. ఎవరి దగ్గర్నుంచి?"

సెంటుసీసా జేబులోంచి ఫోను తీసి, వేలితో రెండుసార్లు తోసి, ఆమె కళ్ల ముందు పట్టుకున్నాడు. క్లయింటుకొచ్చిన మెసేజీకి తీసుకున్న నకలు. అందులో అదే ఫొటో. పైన గడియారంలో ఆరూ పన్నెండు. పక్కన ఛార్జింగు గుర్తు. పంపింది టీచరు నంబరు నుంచే. దాని కింద రెండు వరసలు:

"నాన్నా ఇదిగో. పెద్ద డాక్టరుగారికి చూపిస్తానన్నావు కదా. అమ్మకి చెప్పకు, ఏడుస్తుంది."

వరండాలో టైపు మిషన్లు టకటకమంటూనే ఉన్నాయి. ఆపరేటరమ్మ ఆ రెండు వరసలూ మళ్లీ చదవలేదు. ఒక్కసారి చదివిందే ఎక్కువైంది.

"తొమ్మిదేళ్ల పిల్లరా," అంది చివరికి.

"మా క్లయింటు కన్నతండ్రి. కన్నకూతురితో మాట్లాడటం నేరమా?" అతను ఫోను జేబులో వేసుకున్నాడు. "ఇప్పుడు వెళ్లి మీ లాయరుకి చెప్పు. అయిదో ఫొటో షాపువాడిది కాదని జడ్జిగారి ముందు నిరూపించండి. గెలుస్తారు. కానీ షాపువాడిని అడిగితే నా పేరు చెప్తాడు. నన్ను అడిగితే నేను ప్రమాణం చేసి అబద్ధం చెప్పే రకం కాదు. తర్వాత పిల్లని పిలుస్తారు. అందరి ముందూ అడుగుతారు, మీ అమ్మ రహస్యం ఎవరు బయటపెట్టారమ్మా అని. నీకు నోరు మూసుకోవడం బాగా వచ్చు కదక్కా. ఇవాళ కూడా మూసుకో."

"నువ్వు నా ఆఫీసు నుంచి వెళ్లిపోయిన రోజు నేను బాధపడ్డాను," అంది ఆపరేటరమ్మ. "ఆ బాధ దండగ. ఇవాళ తెలిసింది."

*

రెండూ ముప్పై అయిదుకు టీచరు వచ్చింది, కూతురిని వెంటబెట్టుకుని. పిల్లను కూడా తీసుకురమ్మని కోర్టువాళ్లే చెప్పారు. తల మీద స్కార్ఫు గట్టిగా బిగించి కట్టుకుంది. పిల్ల ఎక్కాల పుస్తకం ఒళ్లో పెట్టుకుని దూరంగా బెంచీ మీద కూర్చుంది.

టీచరు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అడిగింది. "తెలిసిందాండీ?"

"షాపువాడికి అయిదో ఫొటో ఇచ్చింది మీ ఆయన పెట్టుకున్న డిటెక్టివు."

"ఆ ఫొటో తీసిందెవరు?"

ఆపరేటరమ్మ ఇరవై ఎనిమిదేళ్లు నోరు విప్పలేదు గానీ, ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. "అదింకా తేలలేదమ్మా," అంది.

టీచరు అలాగే చూసింది. "మీకు అబద్ధం చెప్పడం రాదండీ."

"టీచరుగారూ..."

"నాకు ఆదివారమే తెలుసు. శనివారం పొద్దున ఆరూ పన్నెండుకి నా ఫోను వంటింట్లో ఛార్జింగులో పెట్టి స్నానానికి వెళ్లాను. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. లెక్కలు చెప్పుకునేదాన్ని, రెండులోంచి ఒకటి తీసేయలేనా?"

ఆపరేటరమ్మ కోపం ఈమె మీదికే మళ్లింది. "తెలిస్తే నన్నెందుకు పెట్టుకున్నారు? ఈ మూడు రోజులూ నన్ను ఊరంతా ఎందుకు తిప్పారు?"

"మీరు కనుక్కోలేకపోతే ఇంకెవరూ కనుక్కోలేరని ధైర్యంగా లోపలికి వెళ్లేదాన్ని. పోట్లాడేదాన్ని." స్కార్ఫు ముడి మీద ఆమె వేళ్లు కదిలాయి. "మీరు కనుక్కున్నారు. అయితే వాళ్లకీ తెలుసు కదా?"

"తెలుసు."

"అడుగుతారా దాన్ని?"

"మనం పోట్లాడితే అడుగుతారు. అలా అని మీరు..."

"నేనెక్కడ చచ్చిపోతానోనని భయపడి చేసిందండీ అది. మందిప్పిస్తారనుకుంది. నలుగురిలో నిలబెట్టి అడిగితే, అమ్మని పోగొట్టుకున్నది తన వల్లేనని పెద్దయ్యాక కూడా అనుకుంటూనే ఉంటుంది. నా జుట్టు గురించి లోకమంతా చదివింది, చదవనీయండి. అది వాళ్ల నాన్నకి రాసుకున్న రెండు ముక్కలు మాత్రం ఎవరూ చదవకూడదు." టీచరు సంచిలోంచి మడిచిన కాగితం తీసింది. పిల్లను తండ్రికి అప్పగించడానికి ఒప్పుకుంటున్నానని అందులో టైపు చేసి ఉంది. కింద సంతకం ఒక్కటే మిగిలింది. "కేసే లేకపోతే ప్రశ్న ఉండదు."

"మన లాయరుకి చెప్పారా?"

"లోపలికెళ్లాక చెప్తాను. ముందే చెబితే ఆపుతారు."

"నేనూ ఆపుతాను."

"మీరు నా తరఫు మనిషి. నేను చెప్పందే మీ నోరు దాటదు. ఆ నమ్మకంతోనే కదా మిమ్మల్ని పెట్టుకున్నాను."

రెండూ యాభై ఎనిమిదికి కోర్టు నౌకరు తలుపు దగ్గర నిలబడి కేసు నంబరు పిలిచాడు. భర్త, అతని లాయరు లోపలికి వెళ్లారు. టీచరు కూతురి దగ్గరికి వెళ్లి, జడ సరిచేసి, ఇప్పుడే వస్తానని చెప్పింది. తిరిగి చూడకుండా లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. తలుపుకున్న చిన్న గాజులోంచి ఆమె స్కార్ఫు కనబడుతోంది.

ఆపరేటరమ్మ వెళ్లి పిల్ల పక్కన కూర్చుంది. ఎదురుగా స్తంభానికి ఆనుకుని సెంటుసీసా గోళ్లు చూసుకుంటున్నాడు. పిల్ల అతన్నే చూస్తోంది.

"మామ్మగారూ," అంది పిల్ల, మెల్లగా. "ఆయన్ని కూడా లోపలికి పిలుస్తారా?"

"ఎవర్నమ్మా?"

"పెద్ద డాక్టరుగారిని. అదిగో, అక్కడున్నారు కదా. నాన్న వాళ్లింట్లో చూశాను. అమ్మ ఫోన్లో నర్సుగారి మాటలు ఫొటో తీసి పంపిస్తే, మందు రాసిస్తానని ఆయనే చెప్పారు. ఎలా తీయాలో నాన్న ఫోన్లో చూపించారు కూడా. ఇంకా రాయలేదు."

ఆపరేటరమ్మ లేచిన తీరుకు ఎక్కాల పుస్తకం కింద పడింది. సెంటుసీసాకు మాటలు వినబడలేదు గానీ, పిల్ల తనవైపు చూపించిన వేలు కనబడింది. గోళ్లు చూసుకోవడం ఆపేశాడు. ఫోను జేబులోంచి బయటికి వచ్చింది. బొటనవేలు గబగబా ఏదో వెతుకుతోంది.

ఇటు ఫోను, పది అడుగులు. అటు తలుపు, ఆరు అడుగులు. గాజులోంచి చూస్తే టీచరు బల్ల మీదికి వంగి ఉంది. చేతిలో పెన్ను మూత తీసి ఉంది.

ఇక కోర్టుకు జవాబు చెప్పుకోవాల్సింది పిల్ల కాదు, డాక్టరు వేషం వేసినవాడూ, వేయించినవాడూ. ఫోన్లో అతను చెరిపేది తర్వాత ఎక్కడైనా వెతికి పట్టుకోవచ్చు. సంతకం పడ్డాక పిల్లను పట్టుకోవడం కుదరదు. ఆపరేటరమ్మ తలుపు వైపు నడిచింది. నౌకరు చెయ్యి అడ్డం పెట్టాడు. "పేరు పిలవందే వెళ్లకూడదమ్మా."

"నా పేరు ఎవరూ పిలవర్లే నాయనా, జరుగు."

తలుపు రెండు రెక్కలూ గోడకు కొట్టుకున్నాయి. జడ్జి తలెత్తి చూశాడు. భర్త సగం లేచాడు. పెన్ను కాగితానికి ఇంకా తగల్లేదు. వెనక వరండాలో ఎవరో పరుగెత్తుతున్న బూట్ల చప్పుడు మెట్ల వైపు వెళుతోంది.

"టీచరుగారూ," అంది ఆపరేటరమ్మ, హాలంతా వినబడేట్టు, పిల్ల పేరు ఎక్కడా రానివ్వకుండా, కళ్లు మాత్రం భర్త మొహం మీదే పెట్టి. "ఆ పెన్ను మూసెయ్యండి. పెద్ద డాక్టరు దొరికాడు."

భర్త మొహంలో రక్తం చుక్క లేదు.